అక్షరం చెదరకుండా: పాత రిసీవర్ ఫేస్‌ప్లేట్ శుభ్రం చేస్తున్న డైరీ

శనివారం ఉదయం

బల్ల మీద ఉన్నది 1970ల చివరి నాటి పయనీర్ ఎస్ఎక్స్ శ్రేణి స్టీరియో రిసీవర్, అంటే రేడియో ట్యూనరూ ఆంప్లిఫైయరూ ఒకే పెట్టెలో ఉన్న సెట్. లోపలి సర్క్యూట్ పని ఎప్పుడో అయిపోయింది. రెండు ఛానెళ్లూ సమానంగా, శుభ్రంగా పలుకుతున్నాయి. మిగిలింది ముఖమే. వెండి రంగు బ్రష్డ్ అల్యూమినియం ప్లేటు, దాని మీద సన్నటి నల్ల అక్షరాలు, వెడల్పాటి డయల్ కిటికీ, మీటర్లు, కింద వరసగా నాబ్‌లు. ఏళ్ల తరబడి సిగరెట్ పొగ పట్టి వెండి రంగు కాస్తా లేత గోధుమ రంగుకు తిరిగింది. నాబ్‌ల చుట్టూ వేళ్ల జిడ్డు గట్టిపడి నల్లటి వలయాలు కట్టింది. కుడి మూలలో ఎవరో అంటించిన లేబుల్ సగం చిరిగిపోయి, జిగురు మాత్రం గట్టిగా అలాగే ఉంది.

సర్క్యూట్ బోర్డు మీద పని చేసేటప్పుడు నాకు ఇంత భయం ఉండదు. కెపాసిటర్ పోతే ఇంకొకటి వేస్తాం. ట్రాన్సిస్టర్‌కు సరిపడే మరో నంబరు దొరుకుతుంది. ఫేస్‌ప్లేట్ అలా కాదు. దాన్ని ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. వాల్యూమ్ స్కేల్ మీద ఒక్క అంకె చెరిగిపోయినా అది పోయినట్టే, మళ్లీ అచ్చంగా అలా రాయలేం. ఆన్‌లైన్లో చెప్పే చిట్కాలలో సగం ఈ సంగతి పట్టించుకోవు. వెనిగర్ రాయండి, బేకింగ్ సోడాతో రుద్దండి, టూత్‌పేస్ట్ పెట్టండి అంటారు. మెరుపు వస్తుంది, నిజమే. ఆ మెరుపుతో పాటు ఏం పోయిందో మాత్రం చెప్పరు.

అందుకే ఈ పూట తడిగుడ్డ ముట్టుకోలేదు. చూడటంతోనే గడిచింది.

ఈ ప్లేటు ఒట్టి అల్యూమినియం కాదు. దాని పైన యానోడైజింగ్ పొర ఉంటుంది. లోహాన్ని ఆమ్లపు తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తే ఉపరితలమే అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. అలంకరణ కోసం చేసే ఈ పొర మందం సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లు. వెంట్రుక మందంతో పోల్చినా ఇది బాగా తక్కువ. పొర గట్టిదే, గోరుతో గీరినా ఏమీ కాదు. కానీ రసాయనాల దగ్గర దానికి ఒక బలహీనత ఉంది. అల్యూమినియం ఆక్సైడ్ గాఢ ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢ క్షారంలోనూ కరుగుతుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, 7 అంటే తటస్థం) సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకే దానికి ఢోకా లేదు. వెనిగర్ పీహెచ్ 3 కంటే తక్కువ. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు రెండో వైపు గీత దాటతాయి. ఓవెన్ క్లీనర్ అయితే నేరుగా పొరను తినేస్తుంది, ప్లేటు మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది. మెటల్ పాలిష్ సంగతి వేరు. అది కరిగించదు, అరగదీస్తుంది. యానోడైజింగ్ పోయి కింది లోహం బయటపడితే మొదట తళుక్కుమంటుంది, తర్వాత ప్రతి వేలిముద్రకీ నల్లబడుతుంది.

శనివారం మధ్యాహ్నం

అసలు చిక్కు అక్షరాలతో. వాటిని ప్లేటు మీదకు ఎలా ఎక్కించారో తెలియకుండా ఏ ద్రవం వాడాలో నిర్ణయించకూడదు.

చిన్న టార్చిని ప్లేటుకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేసి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం అంచు చూశాను. అక్షరం ఉపరితలం కన్నా కాస్త ఎత్తుగా ఉండి అంచున సన్నటి నీడ పడితే అది సిల్క్‌స్క్రీన్ ముద్రణ. అంటే యానోడైజింగ్ పూర్తయ్యాక పైన వేసిన సిరా. అక్షరం లోపలికి దిగి ఉంటే చెక్కి రంగు నింపారన్నమాట. ఎత్తూ పల్లమూ లేకుండా, బ్రష్ చేసిన సన్న గీతలు అక్షరం మీదుగా కూడా తెగకుండా సాగిపోతుంటే, పొరను మూసేయకముందే దాని సూక్ష్మరంధ్రాల్లోకి రంగు ఎక్కించారని అర్థం. ఈ మూడో రకం అన్నిటికన్నా గట్టిది. చెక్కినవాటిలో రంగు పెళుసుబారి పెచ్చులుగా లేచే ప్రమాదం ఉంది కాబట్టి బ్రష్ వాడకూడదు. మొదటి రకం అన్నిటికన్నా నాజూకు.

నా ప్లేటు మీదవి మొదటి రకమే. అక్షరాలన్నిటి పక్కనా నీడ కనిపించింది. ఒకటి రెండు చోట్ల, బాగా వాడిన స్విచ్‌ల దగ్గర, సిరా ముందే పలచబడి ఉంది. వాటిని ఒక కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. అక్కడ నీళ్లు కూడా ఆఖర్నే.

ఇదే పరీక్ష గాజు ముఖం ఉన్న సెట్లకు చేస్తే కథ ఇంకోలా ఉంటుంది. మెకిన్‌టాష్ ఆంప్లిఫైయర్ల గాజు ప్యానెల్స్‌లో అక్షరాలూ నల్లరంగూ గాజు వెనుక వైపు ముద్రిస్తారు, వెనక నుంచి దీపం వెలిగితే అక్షరాలు మెరుస్తాయి. ముందు వైపు ఎంత తుడిచినా ఏం కాదు. పాత ప్యానెల్ వెనుక మాత్రం తడి తగిలితే రంగు పొర ఊడి రావచ్చు. కాబట్టి ‘గాజే కదా’ అని విప్పి రెండు వైపులా కడిగేయకూడదు.

శనివారం సాయంత్రం

విప్పడం. ప్లగ్ తీసి చాలాసేపు అలాగే వదిలేశాను. విద్యుత్ సరఫరా భాగంలోని పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా ఛార్జ్ నిలవ ఉంటుంది. మీటర్ పెట్టి వోల్టేజ్ సున్నాకు దగ్గరగా వచ్చిందని చూశాకే చేయి పెట్టాను. ముఖం మాత్రమే తుడిచేవాళ్లు మూత తీయనక్కర్లేదు కాబట్టి వాళ్లకు ఈ బెంగ లేదు. కానీ ప్లగ్ తీయడం మాత్రం ఎవరికీ తప్పదు.

నాబ్‌లలో కొన్నిటికి పక్కన చిన్న అల్లెన్ స్క్రూ ఉంటుంది, కొన్ని ఒట్టిగా లాగితే వచ్చేస్తాయి. లాగేవాటి కింద స్క్రూడ్రైవర్ పెట్టి మీటడం నేను ఎవరికీ చెప్పను. ప్లేటు మీద నొక్కు పడుతుంది, ఆ నొక్కు ఇక పోదు. నాబ్ వెనక సందులోకి మెత్తటి నాడా దూర్చి, రెండు కొసలూ పట్టుకుని నిటారుగా లాగితే చాలు. తీసిన ప్రతి నాబ్‌కూ లోపల పెన్సిల్‌తో గుర్తు రాశాను, ముందే ఫోటోలు కూడా తీసుకున్నాను. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ పాట్‌ల (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగాల) నట్లకు మాస్కింగ్ టేప్ చుట్టి సాకెట్‌తో తిప్పాను. ఉక్కు సాకెట్ జారితే ప్లేటుకు తగిలే గీత నాబ్ అంచు దాటి కనిపిస్తుంది.

పాట్‌లలో కాంటాక్ట్ క్లీనర్ (లోపలి స్పర్శ భాగాల మురికి తీసే స్ప్రే) కొట్టాల్సి ఉంటే ఇప్పుడే, ప్లేటు విడిగా ఉన్నప్పుడే చేయాలి. ప్లేటు బిగించి ఉండగా కొడితే ద్రవం షాఫ్ట్ వెంట ముందుకు కారి అక్షరాల మీదకు, డయల్ ప్లాస్టిక్ మీదకు వస్తుంది.

నాబ్ కింద దాగి ఉన్న చోట ప్లేటు అసలు రంగు బయటపడింది. చల్లటి, స్వచ్ఛమైన వెండి రంగు. చుట్టూ ఉన్న గోధుమ రంగుతో పక్కపక్కనే చూస్తే ఎంత పొగ పేరుకుందో తెలిసింది. ఆ వలయాన్ని ఫోటో తీసి ఉంచాను. ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది.

ఆదివారం

ముందు పొడి పని. మెత్తటి మేకప్ బ్రష్‌తో దుమ్మును పైనుంచి కిందికి దులుపుతూ, పక్కనే వాక్యూమ్ గొట్టం పెట్టుకున్నాను. దుమ్ములో సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి. వాటిని దులపకుండా తడిగుడ్డ వేస్తే ఆ గుడ్డే గరుకు కాగితం అవుతుంది.

తర్వాత నీళ్లు. డిస్టిల్డ్ వాటర్ ఎందుకంటే మామూలు నీళ్లు ఆరాక లవణాల మచ్చలు వదులుతాయి. ఒక గ్లాసు నీళ్లలో ఒకటి రెండు చుక్కలు తేలికపాటి డిష్‌వాష్ లిక్విడ్, అంతే. సీసా మీద సిట్రస్ శక్తి, క్షారం, బ్లీచ్ వంటి మాటలు ఉన్నదాన్ని పక్కన పెట్టేశాను.

మొదటి పరీక్ష చెక్క కేసు అంచు కప్పి ఉంచే కింది భాగంలో, ఒట్టి లోహం మీద. రెండోది వాల్యూమ్ స్కేల్‌కు అడుగున, ఎవరి కంటా పడని ఒక చుక్క మీద. కాటన్ బడ్‌ను ముంచి, గుడ్డకు అద్ది తడి తగ్గించి, చుక్క మీద నుంచి ఒక్కసారి దొర్లించాను. రుద్దలేదు, దొర్లించాను. ఈ తేడాలోనే పనంతా ఉంది. మ్యూజియంలలో చిత్రాల మీది మురికి తీసేవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. బడ్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ ముందుకు నడిపిస్తే మురికి దూదిలోకి ఎక్కుతుంది, ఉపరితలం మీద ఒరిపిడి పడదు. అదే బడ్‌ను అటూ ఇటూ రుద్దితే, దూదికి అంటుకున్న మురికే సిరాను గీకుతుంది.

బడ్ మీద గోధుమ రంగు వచ్చింది, నలుపు రాలేదు. కొంతసేపు ఆగి, ఆరాక భూతద్దంతో చూశాను. చుక్క అంచు చెక్కుచెదరలేదు. సిరా మెత్తబడితే అది ఆరేలోపు కనపడదు కాబట్టి ఈ ఆగడం ముఖ్యం.

అక్కడి నుంచి పని నెమ్మదిగా సాగింది. అక్షరాలు లేని చోట మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, గట్టిగా పిండి, బ్రష్ గీతల దిశలోనే, ఎడమ నుంచి కుడికి తుడిచాను. గుండ్రంగా తిప్పితే గీతలకు అడ్డంగా గీరుకులు పడతాయి, వెలుతురు వేసినప్పుడు అవే కనిపిస్తాయి. అక్షరాలున్న చోట బడ్ మాత్రమే. ఒక్కో బడ్ రెండు మూడు అక్షరాలకే సరిపోతుంది, రంగు ఎక్కగానే పారేయాలి. పొగ తారులో చాలా భాగం సబ్బు నీళ్లకే వచ్చేసింది. మొండిగా ఉన్నచోట తడి బడ్‌ను కాసేపు ఆనించి ఉంచితే మెత్తబడి వస్తోంది, గట్టిగా నొక్కాల్సిన అవసరం పడలేదు. చివర్లో ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో సబ్బు తీసేసి, పొడి గుడ్డతో అద్దాను.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గురించి చాలామంది అడుగుతారు. సర్క్యూట్ బోర్డులకు నేను రోజూ వాడేదే. సిల్క్‌స్క్రీన్ అక్షరాల దగ్గరికి మాత్రం తీసుకురాను. కొన్ని సిరాలు తట్టుకుంటాయి, కొన్ని సెకన్లలో మెత్తబడతాయి. ఏది ఏదో చూపుతో చెప్పలేం. సబ్బు నీళ్లతో పోయే మురికికి ఆ పందెం దేనికి? అసిటోన్, థిన్నర్ మాటే వద్దు. తెల్లటి మెలమైన్ స్పాంజ్ కూడా వద్దు. చేతికి మెత్తగా తగులుతుంది గానీ అది నిజానికి సన్నటి గరుకు పదార్థం, అక్షరాలను అరగదీసేస్తుంది.

ఆదివారం సాయంత్రం

లేబుల్ జిగురు. ఇది మాత్రం నీళ్లకు లొంగలేదు. హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో, దూరంగా పట్టుకుని, లేబుల్ ఒక కొస లేచాక ప్లేటుకు దాదాపు ఆనుకునేంత వాలుగా, నెమ్మదిగా లాగాను. పైకి నిటారుగా లాగితే ఒత్తిడంతా ఒకేచోట పడుతుంది. కింద అక్షరం ఉంటే అదీ వచ్చేస్తుంది. అదృష్టం కొద్దీ ఇక్కడ అక్షరాలు లేవు.

మిగిలిన బంకకు లైటర్ ఫ్లూయిడ్, అంటే నాఫ్తా. అక్షరాలు లేని చోటు కాబట్టే దానికి ఒప్పుకున్నాను. కిటికీలన్నీ తెరిచి, దగ్గర్లో నిప్పు గానీ వేడి సాల్డరింగ్ ఐరన్ గానీ లేకుండా చూసుకుని, బడ్ మీద ఒక్క చుక్క వేసుకుని చేశాను. బంక ఉండలు కట్టి వచ్చింది. ఆ వెంటనే సబ్బు నీళ్లు, తర్వాత ఒట్టి నీళ్లు. లేబుల్ కింద ఉన్న చోటు ఒక మెట్టు తెల్లగా కనిపించింది. చుట్టుపక్కల ఇంకా పొగ మిగిలి ఉందన్నమాట. ఆ భాగాన్ని ఇంకోసారి తుడిచాక రంగు కలిసింది.

తర్వాతి శనివారం

డయల్ కిటికీ, మీటర్లు. తొందర పనికిరాని చోటు ఇదే.

మొదట తెలుసుకోవాల్సింది అది గాజా, అక్రిలికా అని. గోటితో తడితే గాజు మోగుతుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. అక్రిలిక్ అలా ఉండదు. అక్రిలిక్‌కు ఆల్కహాల్ తగిలితే స్క్రూ రంధ్రాల దగ్గర, అంచుల దగ్గర, అంటే లోపల ఒత్తిడి నిలిచి ఉన్నచోట, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. అవి ఒక్కోసారి వెంటనే కనపడవు. గ్లాస్ క్లీనర్లలో ఆల్కహాల్, అమోనియా రెండూ ఉండొచ్చు. అందుకే గాజైనా అక్రిలికైనా నేను సబ్బు నీళ్లే వాడతాను, అప్పుడు ఏది ఏదని తికమక పడాల్సిన పని లేదు.

ఎఫ్ఎం, ఏఎం అంకెలు చాలా రిసీవర్లలో కిటికీకి వెనుక వైపు ముద్రిస్తారు. ముందు నుంచి చూస్తే గాజు లోపల ఉన్నట్టు కనిపిస్తాయి. ముందు భాగం శుభ్రం చేశాక ‘వెనక కూడా ఒకసారి తుడిస్తే ఇంకా మెరుస్తుంది’ అనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోవాలి. ఆ సిరా దశాబ్దాల పాటు దీపాల వేడికి ఎండి ఉంటుంది, తడిగుడ్డ ఒక్కసారి తగిలినా కొన్ని సెట్లలో స్టేషన్ అంకెలు వరసగా ఊడి గుడ్డకు అంటుకుంటాయి. వెనక భాగానికి నేను చేసింది రబ్బరు బ్లోయర్‌తో గాలి ఊదడం, మెత్తటి బ్రష్‌తో ముద్రణ లేని అంచుల్లో దుమ్ము తీయడం. అంతకు మించి ఏమీ లేదు. కాస్త దుమ్ము మిగిలింది, ఉండనిచ్చాను. దీపాల ముందు ఉండే రంగు ఫిల్టర్లనూ పలచటి కాగితాన్నీ ముట్టుకోలేదు. డయల్ ముల్లును లాగే దారం జోలికీ వెళ్లలేదు.

ఇంకొక మాట. ద్రవాన్ని ప్యానెల్ మీద నేరుగా స్ప్రే చేయకూడదు, అది ఒట్టి నీళ్లైనా సరే. గాజుకూ లోహానికీ మధ్య ఉన్న సందు ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అక్కడి నుంచి అది ముద్రణ వెనక్కో, మీటర్ లోపలికో చేరుతుంది. తడి ఎప్పుడూ గుడ్డ మీదే ఉండాలి.

మీటర్ల ముందు ఉండే పలచటి ప్లాస్టిక్ మూతను పొడి గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుంది. ముల్లు మధ్యలో ఎక్కడో నిలిచిపోతుంది, మీటర్ పాడైందని కంగారు పడతాం. నిజానికి దానికి ఏమీ కాలేదు. సబ్బు నీళ్లతో కాస్త తడిపిన గుడ్డను మూత మీద ఒకసారి నడిపి ఆరనిస్తే ఛార్జ్ పోతుంది, ముల్లు మళ్లీ సున్నాకు వస్తుంది. నేను మొదటి నుంచీ తడిగుడ్డే వాడాను కాబట్టి ముల్లు కదల్లేదు.

ఆ రాత్రి

నాబ్‌ల పని తేలిక. గాట్లలో పట్టిన జిడ్డుకు గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్. నానబెట్టలేదు. ప్లాస్టిక్ ఒంటి మీద అల్యూమినియం టోపీని జిగురుతో అంటించిన నాబ్‌లు ఉంటాయి, వేడి నీళ్లలో ఎక్కువసేపు ఉంటే ఆ జిగురు వదిలేస్తుంది. సూచిక గీత మీద బ్రష్ వేయకుండా దాన్ని బడ్‌తో తుడిచాను. గుడ్డ మీద బోర్లించి తెల్లారేదాకా ఆరబెట్టాను. స్క్రూ రంధ్రంలో నీళ్లు మిగిలితే తుప్పు పడుతుంది.

ఆదివారం

బిగింపు. నట్లు వేలితో తిప్పి, ఆఖరి కొంచెం మాత్రం సాకెట్‌తో. నాబ్ వెనక ఉండే ఫెల్ట్ రింగులకు వాక్యూమ్ పెట్టి దుమ్ము తీసి మళ్లీ వాటి చోట్లలోనే వేశాను. వాటిలో చిక్కుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, నాబ్ తిప్పిన ప్రతిసారీ ప్లేటు మీద వలయం గీయడానికి. నాబ్ బిగించేటప్పుడు వెనక పలచటి అట్టముక్క పెట్టి, అల్లెన్ స్క్రూ బిగించాక అట్ట లాగేశాను. ప్లేటుకూ నాబ్‌కూ మధ్య సరిపడా ఎడం వచ్చింది.

దీపాలు వేసి చూశాను. ప్లేటు నాబ్ కింద దాగి ఉన్న ఆ అసలు రంగుకు దగ్గరగా వచ్చింది. పూర్తిగా కాదు, కొన్నిచోట్ల యానోడైజింగ్ సూక్ష్మరంధ్రాల్లోకి మరక దిగిపోయింది. పవర్ స్విచ్ పక్కన చిన్న తెల్లటి గుంటలు కూడా ఉన్నాయి. అవి మురికి కాదు, చెమట లవణాలకు లోహమే తినుకుపోయింది. అక్కడ తీయడానికి ఏమీ లేదు, పాలిష్ చేస్తే ఇంకా పెద్దవవుతాయి. వాటిని అలాగే ఉంచేశాను. పలచబడిన అక్షరాలు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. తుడవకముందు, తుడిచాక తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూశాను.

చెక్క కేసు ఇంకా మిగిలి ఉంది. దాని తర్వాత వరసలో ఉన్నది నల్ల ముఖం ఉన్న ఒక ట్యూనర్. టార్చి పక్క నుంచి వేసి ఇప్పటికే చూశాను. తెల్ల అక్షరాలు బాగా ఎత్తుగా ఉన్నాయి, ఒక చోట ఎండ తగిలి నలుపు కాస్త ఊదా రంగుకు తిరిగింది. ఆ మార్పు రంగులోనే వచ్చింది కాబట్టి ఏ ద్రవమూ దాన్ని వెనక్కి తేలేదు. దానికి సబ్బు కూడా కలపకుండా ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో, ట్యూనింగ్ నాబ్ వెనకాల ఉన్న చోటు నుంచి మొదలుపెడతాను.